రోజుకో గోరు

మా వదినను ఇంట్లోంచి పంపించేయాలని నేను గట్టిగా అనుకున్నది ఒక మంగళవారం సాయంత్రం, ఆమె నా కూతురి గోరు తీస్తుండగా చూసినప్పుడు.

ఇందులో అంతగా మండిపోవాల్సింది ఏముందని మీకు అనిపించవచ్చు. మా ఇంట్లో గోళ్ళు తీయడమంటే ఏమిటో తెలిస్తే అలా అనిపించదు. మా గువ్వకు తొమ్మిదేళ్ళు. దానికి ఆటిజం ఉందని నాలుగేళ్ళ క్రితం డాక్టరమ్మ చెప్పింది. రెండు వారాలకోసారి, ఆదివారం పొద్దున, నేను దాన్ని ఒళ్ళో ఇరికించుకుని, మా ఆయన దాని మణికట్టు పట్టుకుని, పది గోళ్ళూ తీసేసరికి ముగ్గురికీ చెమటలు పట్టేవి, ఇద్దరికి ఏడుపొచ్చేది. పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకునేవారు.

ఆ మంగళవారం దుకాణంలో కరెంటు పోయి గంట ముందే ఇంటికొచ్చాను. వంటింటి వెనక బాల్కనీలో అత్తా మేనకోడలూ కూర్చుని ఉన్నారు. "ఇప్పుడు ఎడమచేతి ఉంగరం వేలు. ఒక్కసారి టక్ మంటుంది," అంది వదిన. గువ్వ చెయ్యి చాచింది. టక్ మంది. "అయిపోయింది. రేపు చిటికెన వేలు." గువ్వ లేచి తన మానాన తను వెళ్ళిపోయింది. ఏడుపు లేదు, పెనుగులాట లేదు.

ఎన్నాళ్ళ నుంచి ఇలా అని అడిగాను.

"ఏడు వారాలైంది. రోజుకో గోరు. పది రోజులకి పది అవుతాయి. మళ్ళీ మొదటి వేలు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలేదు."

ఏడు వారాలుగా ఆదివారం ఆదివారం నేను గువ్వ వేళ్ళు చూసి, గోళ్ళు పెరగడం లేదే అని బెంగపడి, దానికి కాల్షియం మందు మొదలుపెట్టాను. ఆ సీసా రోజూ వదిన కళ్ళముందే ఉంది. ఒక్క ముక్క అనలేదు. ఆ పూట గిన్నెలన్నీ నా చేతుల్లో నలిగిపోయాయి.

మా వదిన మా ఆయనకు అక్క. నలభై ఆరేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. మా అత్తగారు పోయాక మా ఇంటికి వచ్చింది, పదేళ్ళయింది. లైబ్రరీలో చిరిగిన పుస్తకాలు బాగుచేసే పని ఆమెది. ఇంటికి చుట్టాలొస్తే పలకరించదు, తన గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటుంది. కూర ఎలా ఉందని మాటవరసకి అడిగితే, "ఉప్పు ఎక్కువైంది, నిన్న బాగుంది," అంటుంది. ప్రతి చిన్న పనికీ ముందే దండోరా వేస్తుంది: "ఇప్పుడు మిక్సీ వేస్తున్నాను. చప్పుడవుతుంది." పొగరు అని మా అత్తగారి వైపువాళ్ళు, మొండిఘటం అని మా అమ్మ, "అక్క అంతేలే," అని మా ఆయన. మా ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. ఇంట్లో గొడవల విషయానికొస్తే రెండంతస్తుల మధ్య ఆగిపోయిన లిఫ్టులా ఉంటాడు.

ఇక నేను. కళ్ళజోళ్ళ దుకాణంలో కౌంటరు దగ్గర పద్నాలుగేళ్ళుగా ఉన్నాను. ముఖం చూసి మనిషిని చదవడమే నా పని. అద్దంలో చూసుకునేటప్పుడు కనుబొమ్మ ఎంత లేచిందో చూసి ఆ ఫ్రేము కొంటారో కొనరో చెప్పేయగలను. అలాంటి నేను వదిన మీద పదేళ్ళుగా ఎత్తిపొడుపులు విసురుతూనే ఉన్నాను. ఒక్కటీ తగల్లేదు. "కొంతమందికి కూర్చుంటే పళ్ళెం ముందుకొస్తుంది, పెట్టి పుట్టారు," అని నేనంటే, "ఎవరికి?" అని నిజంగానే అడిగేది. బెల్లం కొట్టిన రాయిలా ఆమె, ఉడుకుతున్న అన్నంలా నేను.

గువ్వకు ఆటిజం అని తెలిశాక నేనేమీ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. శని ఆదివారాలు తల్లిదండ్రులకు పెట్టే తరగతులకు వెళ్ళాను. పుస్తకాలు తెచ్చుకుని గీతలు గీసుకుంటూ చదివాను. రంగురంగుల చీటీలు అంటించిన ఫైలు తయారుచేశాను. ఏ పని చేయబోతున్నా పిల్లకు ముందుగా చెప్పాలని అక్కడ నేర్పితే, ఎంత గొప్ప సంగతి తెలిసిందని పొంగిపోయాను. అది పదేళ్ళుగా నా వంటింట్లో రోజూ వినపడుతున్న దండోరాయేనని నా బుర్రకు తట్టలేదు.

ఇంత చేసినదాన్ని నేను. గోళ్ళ దగ్గర గెలిచింది ఆమె. కడుపు మండదా మరి? మండింది. దాచుకోవడమెందుకు, ఆ మంట కొత్తదేమీ కాదు. గువ్వ నాలుగో ఏట మొదటిసారి ఒక మనిషి ఒళ్ళోకి తనంతట తాను వెళ్ళి కూర్చుంది. ఆ ఒడి నాది కాదు. అప్పటి నుంచి రగులుతూనే ఉంది.

గోరు చూసిన వారంలోనే దుకాణానికి చదువుకునే అద్దాల కోసం ఒకావిడ వచ్చింది. లైబ్రరీ వెనక వీధిలో ఆవిడకు సొంత ఇల్లుంది, మేడమీద గది ఖాళీగా ఉందట. "మా వదినకి ఇస్తారా? పనికి దగ్గరని చాలా ముచ్చటపడుతోంది," అన్నాను. నాలుక తడబడను కూడా లేదు. ఇంటికొచ్చి మా ఆయనతో, పాపం మీ అక్క రోజూ రెండు బస్సులు మారుతోంది అని మొదలుపెట్టి, గది దాకా లాక్కొచ్చాను. ఆయన వెళ్ళి అక్కకు చెప్పాడు. "సరే," అందట. నెలాఖరుకు వెళ్ళేలా ఖాయమైంది. ఆ రాత్రి నాకు హాయిగా నిద్రపట్టింది.

సరిగ్గా అప్పుడే గువ్వ బడి నుంచి పిలుపు వచ్చింది. గంటకు పదకొండుసార్లు చోట్లోంచి లేస్తోందని టీచరు లెక్కపెట్టి మరీ చెప్పింది. ఆటిజంతో పాటు, నిలకడగా కూర్చోనివ్వని ఏడీహెచ్‌డీ కూడా ఉందేమో చూద్దాం అంది డాక్టరమ్మ. ఉందని తేలి ఉత్తరం రాసిస్తే, బడివాళ్ళు దాన్ని తరగతిలో లేచి తిరగనిస్తారు, పరీక్షకు వేరే గది ఇస్తారు. అందుకోసం యాభై ప్రశ్నల కాగితం రెండు ప్రతులు ఇచ్చింది. ఒకటి తల్లి నింపాలి. రెండోది ఇంట్లో పిల్లను రోజూ చూసే ఇంకో పెద్దవాళ్ళు విడిగా నింపాలి. మా ఆయన పిల్ల లేవకముందే వెళ్ళి, పడుకున్నాక వస్తాడు. చచ్చినట్టు రెండోది వదినకు ఇచ్చాను.

మర్నాడు పొద్దునకల్లా నింపి బల్ల మీద పెట్టింది. దుకాణానికి వెళ్తూ బస్సులో తెరిచాను.

ఏ శబ్దాలకు ఇబ్బంది పడుతుంది అన్నదానికి నేను 'పెద్ద శబ్దాలకు' అని రాశాను. వదిన ఇలా రాసింది: 'పెద్దవాటికి కాదు. ఎప్పుడొస్తాయో తెలియనివాటికి. ఫ్రిజ్ చప్పుడు ఆగినప్పుడు కూడా ఉలిక్కిపడుతుంది.' పక్కనే అంచులో, పెన్సిలుతో, చిన్న అక్షరాల్లో: 'నాకూ అంతే.'

ఇష్టం లేని పదార్థాలు. నేను: 'పాలు. మొండిపట్టు.' వదిన: 'పాలు ఇష్టమే. స్టీలు గ్లాసు పళ్ళకు తగిలితే భరించలేదు. శనివారాలు నాతో లైబ్రరీకి వచ్చినప్పుడు పింగాణీ కప్పుతో ఇస్తే రెండు కప్పులు తాగుతుంది.' అంచులో: 'నాకూ అంతే.'

కళ్ళలోకి చూసి మాట్లాడుతుందా? 'చూడమంటే చూస్తుంది. చూస్తున్నంతసేపూ ఎదుటివాళ్ళు చెప్పేది వినపడదు.' 'నాకూ అంతే. అందుకే మానేశాను.'

నిలకడగా కూర్చుంటుందా? 'చేతికి పని ఉంటే కూర్చుంటుంది. లేకపోతే తిరుగుతుంది. తిరుగుతూ విన్నది గుర్తుంటుంది, కూర్చోబెట్టి చెప్పింది గుర్తుండదు.' 'ఇది నాకు లేదు. నేను కూర్చోగలను.'

ఎవరైనా దెప్పిపొడిస్తే అర్థమవుతుందా? 'అప్పుడు అర్థం కాదు. పక్కవాళ్ళు నవ్వితే, ఏదో అన్నారని తెలుస్తుంది.' 'నాకూ అంతే.'

దిగాల్సిన చోటు దాటిపోయి రెండు స్టాపులు వెనక్కి నడిచాను. నలభై ఒక్కచోట్ల 'నాకూ అంతే' అని ఉంది. నేను తరగతులు విన్నదాన్ని, పుస్తకాలు చదివినదాన్ని. ఆ పెన్సిలు గీతలు చూశాక కూడా తెలియలేదంటే కళ్ళుపోతాయి. పదేళ్ళుగా మేము పొగరు అన్నది పొగరు కాదు. గువ్వ నలభై ఆరేళ్ళదై, ఒక్కరూ గుర్తించకుండా, ఒక్కరూ సాయం చేయకుండా మా ఇంట్లో తిరుగుతోంది.

జాలి వేయాలి కదా. వేసింది, ఒక్క నిమిషం. ఆ వెంటనే దాని నెత్తిన ఎక్కి కూర్చుంది అసూయ. అంటే వాళ్ళిద్దరూ ఒక జట్టు. నేను ఎన్ని పుస్తకాలు చదివినా గుమ్మం బయట నిలబడే మనిషిని. నేను కష్టపడి నేర్చుకుంటున్నది ఆమె పుట్టుకతో తెచ్చుకుంది. ఈ కాగితం డాక్టరమ్మ చేతిలో పడిందంటే, ఈ పిల్లకు అత్త ఉండటం అదృష్టం అంటుంది. నా ముందే అంటుంది. ఆ మాట నా చెవిన పడటం కంటే చెవుడొచ్చినా నయమనిపించింది.

మధ్యాహ్నం దుకాణంలో బేరాలు లేని వేళ, నా ప్రతి చింపేసి, తప్పులు పోతే ఉంటుందని ముందే తీయించుకున్న ఖాళీ జిరాక్స్ ప్రతి మీద వదిన సమాధానాల్లో మంచి మంచివన్నీ నా చేతిరాతతో ఎక్కించాను. పాలు, ఫ్రిజ్, తిరుగుతూ వినడం, రోజుకో గోరు, అన్నీ నావైపోయాయి. పెన్సిలు ముక్కలు వదిలేశాను. చివరి పేజీలో ఒకే ప్రశ్న ఉంది: 'ఎవరి దగ్గర ఎక్కువ నెమ్మదిగా ఉంటుంది?' దానికి వదిన ఏం రాసిందో చూడలేదు. 'నా దగ్గర' అని ఉంటుందని తెలుసు. నేను 'అమ్మ దగ్గర' అని రాసి, వదిన కాగితం మడిచి సంచీ అడుగున తోసేశాను.

డాక్టరమ్మ నా కాగితం రెండుసార్లు చదివింది. "ఇంత దగ్గరగా గమనించే తల్లిని ఈ మధ్య చూడలేదమ్మా. సగం పని మీరే చేసేశారు. రెండో ప్రతి ఏది?"

"మా వదినకి తీరిక దొరకలేదండీ."

"పర్లేదు, ఇది చాలు. ఉత్తరం రాసిస్తాను, పదిరోజుల్లో వచ్చి తీసుకోండి. ఒక మాట, మీ కుటుంబంలో ఇంకెవరైనా ఇలా ఉన్నారా? పెద్దవాళ్ళలో?"

"లేరండీ," అన్నాను.

ఇంటికి నడుస్తుంటే కాళ్ళు నేలమీద ఆనలేదు. మీలాంటి తల్లిని చూడలేదు, మీలాంటి తల్లిని చూడలేదు అని వీధి మలుపు దాకా మనసులో పాడుకున్నాను. మలుపు తిరిగాక పాట ఆగిపోయింది. ఆ మెప్పులో నాది అనదగ్గది ఒక్క ముక్క లేదు. దొంగతనం చేసినవాళ్ళకు భయం ఉంటుందంటారు. నాకు భయం లేదు, సిగ్గూ ఇంకా రాలేదు. ఆమె మీద ఇంకాస్త కోపం వచ్చింది.

వదిన సామాను కట్టడం మొదలుపెట్టింది. రోజుకు ఒక అట్టపెట్టె. దేంట్లో ఏముందో పైన రాసి, గువ్వకు చూపించి, మూత వేసేది. గువ్వ ఏడవలేదు, బతిమాలలేదు. ఒకరోజు నా దగ్గరికి వచ్చి, వంటింట్లో ఆ గోడకూ ఈ గోడకూ తిరుగుతూ అడిగింది.

"అత్త వెళ్ళాక గోళ్ళు ఎవరు తీస్తారు?"

"నేను తీస్తాను."

"నువ్వు పదీ ఒకేసారి తీస్తావు."

"లేదు. రోజుకొకటే తీస్తాను."

"చెయ్యి ఎలా పట్టుకోవాలో నీకు తెలీదు." తిరుగుతూనే ఉంది. "అత్తకి వెళ్ళడం ఇష్టమా అని అడిగాను. లేదంది. మరి ఎందుకు వెళ్తోంది?"

ఎవరికైనా ఏదో ఒకటి చెప్పి ఒప్పించగలను, అదే నా పని. తొమ్మిదేళ్ళ పిల్లకు చెప్పడానికి నా దగ్గర ఒక్క అబద్ధం మిగల్లేదు.

అది నిద్రపోయాక సంచీ అడుగునుంచి కాగితం తీశాను, గోరు తీసేటప్పుడు చెయ్యి ఎలా పట్టుకోవాలో అందులో రాసిందేమోనని. వెతుకుతుంటే చివరి పేజీ తిరగబడింది.

ఎవరి దగ్గర ఎక్కువ నెమ్మదిగా ఉంటుంది?

వదిన రాత: 'అమ్మ దగ్గర. నా దగ్గరికి పని ఉంటే వస్తుంది. భయం వేస్తే మాత్రం అమ్మ కోసమే వెతుకుతుంది. రోడ్డు దాటేటప్పుడు నా చెయ్యి పట్టుకోదు, అమ్మ చెయ్యే పట్టుకుంటుంది.' అంచులో పెన్సిలుతో: 'నాకు అలా ఎవరూ లేరు.'

నేను దొంగిలించకుండా వదిలేసిన ఒక్క జవాబూ నా గురించి రాసినది. రోడ్డు దాటేటప్పుడు గువ్వ నా చెయ్యి పట్టుకుంటుందన్న సంగతి రోజూ నా చేతిలోనే ఉంది. అది అసలొక సంగతి అని కూడా నాకు తెలియదు. సిగ్గు అప్పుడొచ్చింది, రావాల్సినంతా ఒకేసారి వచ్చింది.

మర్నాడు దుకాణానికి సెలవు చెప్పి లైబ్రరీకి వెళ్ళాను. మెట్లకింద రిపేరు గది. పదేళ్ళలో ఎప్పుడూ అటు అడుగుపెట్టలేదు. వదిన చిరిగిన పేజీకి ఉల్లిపొర కాగితం అతికిస్తోంది. తలెత్తలేదు.

"వదినా, మీతో మాట్లాడాలి."

"జిగురు తడిగా ఉంది. నాలుగు నిమిషాలు."

నాలుగు నిమిషాలు నిలబడ్డాను. ఆమె పేజీ మీద ఇనపబిళ్ళ పెట్టి, చేతులు తుడుచుకుని, "ఇప్పుడు చెప్పు," అంది.

బస్సులో అంతా అల్లుకుంటూ వచ్చాను, డొంకతిరుగుడుగా ఎలా మొదలుపెట్టాలో. "మీరు వెళ్ళిపోతే ఇల్లు బోసిపోతుందని గువ్వ..."

"గువ్వ అలా అందా?"

"లేదు."

"మరి?"

ఇక దారి లేదు. కాగితం బల్ల మీద పెట్టాను. "ఇది నేను డాక్టరమ్మకి ఇవ్వలేదు. మీరు రాసినవి నా చేత్తో ఎత్తి రాసి, నావే అని ఇచ్చాను. ఆవిడ నన్ను మెచ్చుకుంది. ఇంట్లో ఇంకెవరైనా ఇలా ఉన్నారా అని అడిగింది. లేరన్నాను."

"ఎందుకు?"

"మీ మీద కుళ్ళు."

ఆమె నా ముఖం వైపు చూడలేదు, నా చేతుల వైపు చూసింది. "ఇంట్లో ఇంకొకరు ఇలా ఉన్నారని నీకెప్పుడు తెలిసింది?"

"ఈ కాగితం చదివాక."

"అంతకుముందు తెలీదా?"

"తెలీదు వదినా."

ఇనపబిళ్ళను కొంచెం కుడివైపుకు జరిపింది.

"నాకు నాలుగేళ్ళ క్రితమే అనిపించింది. గువ్వ కోసం నువ్వు తెచ్చిన పుస్తకాలన్నీ నేనూ చదివాను. నువ్వు గీత గీసిన చోట్లన్నీ నాకు సరిపోయాయి. నీకు తెలిసే ఉంటుందనుకున్నాను. తెలిసే నాతో అలా ఉంటున్నావనుకున్నాను."

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది, నేనూ ఏదో ఒకటి అనేదాన్ని. నాలుగేళ్ళుగా ఈ మనిషి, అన్నీ తెలిసి కావాలని తనను బాధపెట్టే ఒక ఆడదానితో ఒకే ఇంట్లో ఉంటున్నానని నమ్ముతూనే, ఆ ఆడదాని పిల్లకు రోజుకో గోరు తీసింది.

"గది సంగతి మీ తమ్ముడి ఆలోచన కాదు. నాది," అన్నాను.

"తెలుసు. నాకు ముఖాలు అర్థం కావు. నువ్వు గిన్నెలు పెట్టే చప్పుడు అర్థమవుతుంది. గోరు చూసిన రోజు నుంచి మరీ గట్టిగా పెడుతున్నావు."

"వెళ్ళొద్దు వదినా. ఉండండి. ఈ కాగితం రేపు డాక్టరమ్మకి ఇచ్చి, రాసింది మీరని చెప్తాను. మీరూ వచ్చి ఆవిడతో మాట్లాడితే బాగుంటుంది, మీ కోసం."

"అక్కడి ట్యూబ్‌లైటు గుయ్ మంటుంది. ఆలోచించుకుని చెప్తాను." ఆ వెంటనే, "కుళ్ళు పోయిందా?" అని అడిగింది.

పోయిందనడం ఎంత తేలిక. "లేదు," అన్నాను. "ఇప్పుడూ ఉంది. మీరిద్దరూ ఒకటి, నేను వేరు అనిపిస్తుంది."

ఆమె ఆ మాటను, ఏ జిగురు వాడాలో చూసుకుంటున్నట్టు, శ్రద్ధగా ఆలోచించింది. "అలా అనిపించినప్పుడు గిన్నెలతో చెప్పకు. నోటితో చెప్పు. కుళ్ళుగా ఉంది, కాసేపు మీ గదిలో ఉండండి అను. ఉంటాను. మళ్ళీ వస్తాను."

"సరే."

"ఆ ఇంటావిడకి నువ్వు ఫోన్ చెయ్యి," అంది. "నాకు ఫోన్‌లో మాట్లాడటం రాదు. రానని చెప్పడానికి మూడు రోజుల నుంచి ప్రయత్నిస్తున్నాను."

పదేళ్ళలో ఆమె నన్ను సాయం అడగడం అదే మొదటిసారి. అక్కడే, ఆమె ఎదుటే, నంబరు నొక్కాను. గది వద్దనగానే ఇంటావిడ నొచ్చుకుంది. "అదేంటండీ, ఆవిడే ముచ్చటపడుతోందన్నారుగా?"

"అన్నది నేనండీ," అన్నాను. "ఆవిడకి మా ఇంట్లోంచి వెళ్ళడం ఎప్పుడూ ఇష్టం లేదు. పంపించేద్దామనుకున్నది నేను."